ఉత్త ఆవిరే కదా

జహీరాబాద్ బస్టాండులో కూర్చుని ఈ-సిగరెట్ తీసి ఒక దమ్ము లాగాను. మామూలు సిగరెట్ మానేశానన్న గర్వమూ, ఇంకా ఎవరూ శాలువా కప్పలేదన్న వెలితీ రెండూ ఉన్నాయి. దాని మామిడిపండు వాసనకి పక్కనున్న పెద్దాయన ఇటు తిరిగాడు.

“గదేంది బిడ్డా?”

“సిగరెట్ కాదు కాకా, ఉత్త ఆవిరి. ఇడ్లీ గిన్నెల నుంచి వచ్చినట్టే.”

ఆయన నవ్వలేదు. “నేను గూడ గిట్లనే అన్న. బీడీ బంద్ చేసి గుట్కా పట్టిన. పొగ లేదు, ఇగ ఫికర్ ఏమున్నదనుకున్న.”

అంటూ అరటిపండు వలిచాడు. కొరకలేదు. గోటితో చిన్న ముక్క తుంచి, పళ్ల సందులోంచి లోపలికి నెట్టాడు. ఆయన నోరు అంతకంటే తెరుచుకోదు.

నోటి దాకా తెచ్చిన ఈ-సిగరెట్‌ని కిందికి దించాను.

“గది లేకుంట ఒక్క పూటన్న ఉంటవా?” అన్నాడు, నా చేతిలో ఉన్నదాన్ని చూపిస్తూ.

“ఎందుకుండను కాకా?”

“అయితే ఉండు, చూద్దాం.”

ఇంతలో ఆయన బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయాడు. సినిమాలో అయితే హీరో ఈ-సిగరెట్‌ని ఎత్తి విసిరేస్తాడు. నేను జేబులో పెట్టుకున్నాను, అంతే. ఆ పూట తీయలేదు. తర్వాతి పూట విసుగొచ్చింది, తలనొప్పి వచ్చింది, అయినా తీయలేదు. ఇప్పటికీ మనసు అటే గుంజుతుంది.

గుంజనీ. నేను పోను.