ఐగిల్ పెదాలు చదివిన నర్సు

మొగుడు నోరు తెరవకముందే అతనికేం కావాలో తనకు తెలిసిపోతుందని టోవకు మహా గర్వం. ఎస్బ్యెర్గ్ అనే రేవు ఊళ్లో బడిపిల్లలకు వండిపెట్టే ఆవిడ, ఆ గొప్ప చెప్పుకోని రోజు ఉండేది కాదు. ఆ గర్వాన్ని మెరేట అనే నర్సు మట్టిలో కలిపేసింది.

రేవులో క్రేన్ నుంచి జారిన ఇనుప దూలం ఆమె మొగుడు ఐగిల్ ఛాతీని నుజ్జు చేసింది. ఆసుపత్రిలో మెడకు గాటు పెట్టి, గొట్టం దించి, యంత్రంతో ఊపిరి ఆడించారు. ఇలాంటి రోగిని మందులతో నిద్రపుచ్చడం మేలా, మెలకువగా ఉంచడం మేలా అని అక్కడి డాక్టర్లు పరిశోధన చేస్తున్నారు. ఎవరికి ఏదన్నది చీటీ తేలుస్తుంది. టోవ ఒప్పుకుంది. ఐగిల్‌ను మెలకువగా ఉంచాలని చీటీ వచ్చింది. మెలకువగా ఉన్న రోగి పక్కన నర్సు కూర్చునే ఉండాలి. అలా మెరేట వచ్చింది.

గొట్టం వల్ల ఐగిల్‌కు గొంతు పలకదు, పెదాలే కదులుతాయి. టోవ వంగి చూసేది. "నీళ్లా? దుప్పటా? కాళ్లు పట్టనా?" అతను విసుగ్గా కళ్లు మూసుకునేవాడు.

మెరేట ఒక్క చూపు చూసి, "వెలుతురు కళ్లలో పడుతోందట, తెర వేయమంటున్నారు," అనేది.

టోవకు ఒళ్లు మండిపోయేది. కట్టుకున్నదాన్ని నేనా, ఇదా?

ఐగిల్ కోలుకుని ఇంటికొచ్చాక కూడా ఆ మంట చల్లారలేదు. బతికి బయటపడ్డవాళ్లు కొన్నాళ్లకు మళ్లీ ఆసుపత్రికి వెళ్లి, తాము పడుకున్న గది చూసి, నర్సులతో మాట్లాడి రావడం అక్కడి పద్ధతి. చేత్తో కేకు పట్టుకెళ్లడం మర్యాద. టోవ పెద్ద కేకే చేసింది. అందరికీ దిట్టంగా కోసి, మెరేటకు మాత్రం కాగితమంత పల్చటి ముక్క పెట్టింది.

ఐగిల్ డాక్టరుతో మాట్లాడుతుండగా టోవ ఆగలేకపోయింది. "ఏమ్మాయ్, మా ఆయన నీకేం చెప్పేవాడు అంతలా?"

మెరేట తడబడింది. "భయమేస్తోందని ఏడ్చేవారు, టోవ గారూ. తలుపు దగ్గర మీరు కనబడగానే, మొహం తుడవమని నన్ను తొందరపెట్టేవారు."

తనకు దక్కింది తుడిచిన మొహమన్నమాట!

తిరుగుదారిలో కారు రోడ్డు పక్కన ఆపేసింది.

"ఏమైందే?" అన్నాడు ఐగిల్.

"ఆ పిల్లకు చెప్పింది నాకు చెప్పు. చెప్పేదాకా బండి కదలదు."

"పాత గోల ఎందుకిప్పుడు? నేను బాగానే ఉన్నాగా."

"ఆ మాట ఇంకెవరికైనా చెప్పుకో పో! నాకు అబద్ధం, దానికి నిజమా?"

ఐగిల్ కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. చెంపల మీద నీళ్లు కారాయి. "చచ్చిపోతాననుకున్నానే. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే మళ్లీ తెరుస్తానో లేదోనని భయం."

ఇలాంటప్పుడు ఏమనాలో మెరేటకైతే తోచేది. ఆ మాట తనకంటే ముందు ఆ పిల్ల విన్నదన్న కుళ్లు అప్పుడు కూడా పోలేదు. ఆ కుళ్లుతోనే మొగుడి చేయి గట్టిగా పట్టుకుంది, అతని మొహం మాత్రం తుడవలేదు.