మోకాలికి ఉపవాసం

భ్రమరాంబక్కతో వాదించి నెగ్గినవాళ్ళు కెనడాలోని ఈ విన్నిపెగ్‌లో ఎవరూ లేరు. మూడేళ్ళుగా ఓడిపోతున్నదాన్ని, నా మాట నమ్మండి. మా అపార్ట్‌మెంట్‌లో ఆవిడది ఏడో అంతస్తు, నాది మూడు. నంద్యాల దగ్గర పల్లె నుంచి వచ్చింది. వయసు యాభై నాలుగు. పరిచయమైన రోజు ‘ఆంటీ’ అన్నందుకు వారం రోజులు నాతో మాట్లాడలేదు. అప్పటినుంచి అక్కే. భర్త కోదండరామ్ గారు ట్రక్కు డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటారు. ఈవిడ రెండు వీధుల అవతల ఉన్న డే కేర్‌లో, రెండేళ్ళ పిల్లల గదిలో పని చేస్తుంది.

ఆ పనంటే అక్కకి ప్రాణం. నేల మీద కూర్చుంటే ఇద్దరు ఒళ్ళోకి, ఒకడు వీపు మీదికి ఎక్కుతారు. యుక్రెయిన్ నుంచి వచ్చిన ఒక పాప ఆకలేస్తే ‘బువ్వ’ అనడం నేర్చుకుంది. వాళ్ళమ్మ అది ఇంగ్లీషే అనుకుందట. ఇంటికొచ్చాక కూడా అక్క ఆ పిల్లల గురించే చెబుతుంది. నేను ల్యాప్‌టాప్ ముందు మీటింగ్‌లో ఉన్నా సరే, తలుపు కొట్టి మరీ చెబుతుంది.

కిందటి నవంబర్లో డే కేర్‌లో ఫైర్ డ్రిల్ జరిగింది. గంట మోగగానే పిల్లల్ని వెంటబెట్టుకుని మూడు నిమిషాల్లో బయటికి రావాలి. అక్క నేల మీద నుంచి లేవలేకపోయింది. పక్కనున్న కుర్చీ పట్టుకుంటే అది జారింది. పిల్లలు అదేదో కొత్త ఆట అనుకుని చప్పట్లు కొట్టారు. చివరికి పక్క గది టీచరు వచ్చి రెండు చేతులూ పట్టి లేపింది. మర్నాడు డైరెక్టరు పిలిచి, చాలా మర్యాదగానే, మార్చిలో మళ్ళీ డ్రిల్ ఉంటుందనీ, అప్పటికీ ఇబ్బందిగా ఉంటే వంటగదిలోకి మారవచ్చనీ చెప్పింది.

“వంటింట్లో నుంచి తప్పించుకునే దానికే గదా నేను పనికి పోయింది! మళ్ళా ఆడికే తోస్తారంట,” అని మా ఇంట్లో కూర్చుని కళ్ళు తుడుచుకుంది. ఆవిడ ఏడవడం నేను చూడ్డం అదే మొదటిసారి. నేను లేచి టీ పెట్టాను.

టీ చల్లారేలోపు నిర్ణయం జరిగిపోయింది. కాళ్ళు గట్టిపడాలి, కాబట్టి వ్యాయామం మొదలుపెట్టాలి. ఇక్కడే వచ్చింది తంటా. అక్క జన్మలో వ్యాయామం చేసి ఎరుగదు. ఏదైనా పట్టుదలగా చేయాలంటే ఆవిడకి తెలిసింది దీక్ష ఒక్కటే. మండల దీక్ష అంటే నలభై ఒక్క రోజులు, ఒకటే వేళ, ఒకటే నియమం, మధ్యలో ఒక్కరోజు తప్పినా మళ్ళీ ఒకటి నుంచి మొదలు. బయట మంచు కాబట్టి నడకకు వీలు లేదు. అందుకని అపార్ట్‌మెంట్ మెట్లు ఎంచుకుంది. పొద్దున ఐదున్నరకి స్నానం చేసి, కింది నుంచి ఏడో అంతస్తు దాకా మూడుసార్లు ఎక్కి దిగడం. అదీ ఒట్టి కాళ్ళతో.

“బూట్లు వేసుకోవచ్చు కదక్కా?”

“దీక్షలో మెట్లెక్కేది చెప్పులతోనా? బాగుంది నీ చదువు.”

మొదటిరోజు మొదటి మెట్టుకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. సాయంత్రానికి లిఫ్ట్ పక్కన నోటీసు అంటించారు. మెట్ల మీద ఎవరో రంగు ఒలకబోశారని, ఎవరో తెలిస్తే చెప్పమని. నేను తెలియనట్టు తల పక్కకు తిప్పుకున్నాను.

తొమ్మిదో రోజుకి కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి మొదలైంది. ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడు ఎక్కువట. ఇవన్నీ తర్వాత చెప్పిన సంగతులు. అప్పుడు మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆముదం వెచ్చబెట్టి రాసింది. పాత నూలు చీర అంచు చింపి బిగించి కట్టింది. నొప్పి పెరిగేకొద్దీ దేవుడు పరీక్ష పెడుతున్నాడనుకుని ఇంకో రౌండ్ కూడా కలిపింది. కష్టం వస్తే మెట్లు పెంచుకునే మనిషిని ఎక్కడైనా చూశారా? నేను చూశాను.

పద్దెనిమిదో రోజు పొద్దున చెత్త పడేయడానికి బయటికొస్తే, అక్క రెండు చేతులతో రైలింగ్ పట్టుకుని పీతలాగా పక్కకి పక్కకి దిగుతోంది. మోకాలు చీర మీద నుంచే కనిపించేంత వాచింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఆపండక్కా! లేవలేక ఇబ్బంది పడితే వంటగది అన్నారు. ఇప్పుడు నడవలేకపోతే వంటగది కూడా ఉండదు.”

“ఇంక ఇరవై మూడు రోజులే, ధరణీ. ఇప్పుడాపితే చేసిందంతా నీళ్ళపాలైతాది.”

ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టాను. బలవంతంగా ఫిజియో దగ్గరికి తీసుకెళ్ళాను. ఫిజియో పేరు మారిసెల్, ఫిలిప్పీన్స్ అమ్మాయి. మోకాలిని అటూ ఇటూ వంచి, నొక్కి, కుర్చీలో నుంచి లేపి కూర్చోబెట్టి చూసింది. ఇది పాడైపోయిన మోకాలు కాదు, అలవాటు లేని మోకాలు అని చెప్పింది. తొడ కండలో బలం లేదు, అందుకే దిగేటప్పుడు బరువంతా చిప్ప మీద పడుతోంది. పైగా గట్టి నేల మీద ఒట్టి కాళ్ళు, కోలుకోవడానికి ఒక్కరోజు కూడా విరామం లేదు. వాపు తగ్గేదాకా మెట్లు మానాలి. తర్వాత బూట్లతో, రోజు విడిచి రోజు, కుర్చీలోంచి లేచి కూర్చునే కసరత్తు చేయాలి. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా పర్వాలేదు, మర్నాటి పొద్దుటికీ తగ్గకపోతే తర్వాతిసారి తక్కువ చేయాలి.

అన్నిటికీ తలూపిన అక్క, రోజు విడిచి రోజు అన్నచోట ఆగిపోయింది. మండలంలో రోజు విడవడం కుదరదని తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. మారిసెల్ నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

బస్సులో అక్క కిటికీ వైపు తిరిగి వేళ్ళ మీద ఏవో లెక్కలు వేసుకుంది. నాకైతే గొడవ పడే ఓపిక కూడా అయిపోయింది. మా స్టాప్ వచ్చే ముందు అడిగింది.

“ఏకాదశి నాడు మనం ఏం తినం గదా. అది దీక్ష తప్పినట్టా, చేసినట్టా?”

“చేసినట్టే కదక్కా.”

“మరి కాలికి ఉపవాసం పెడితే?”

నాకు నవ్వొచ్చింది. కానీ ఆవిడ ముఖం చూసి నవ్వలేదు. మర్నాడే కొత్త మండలం మొదలైంది. ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో కసరత్తు రోజుకి ఎర్ర చుక్క, ఉపవాసం రోజుకి పచ్చ చుక్క. మొదటి రెండు వారాలూ దాదాపు అన్నీ పచ్చవే. ఉపవాసం రోజు మెట్ల వైపు కూడా చూడదు, లిఫ్టే. ఆవిడకి మెట్లెక్కడం కన్నా ఊరికే కూర్చోవడమే కష్టమైంది. నాకు ఫోన్ చేసి, “కాళ్ళు లాగుతాండాయి, ఏదన్నా చెప్పు,” అనేది. నేను మా మేనేజర్‌ని తిడుతూ కథలు చెప్పేదాన్ని.

వాపు తగ్గింది. కుర్చీ మీద రెండు దిండ్లు వేసుకుని ఐదుసార్లు లేచింది. తర్వాత ఒక దిండు. తర్వాత దిండు లేకుండా పది. జనవరి చివర్లో ఉత్సాహం పట్టలేక ఒకేసారి ముప్పై చేసి రెండు రోజులు కుంటింది. నన్నేమీ అననివ్వకుండా తానే నాలుగు పచ్చ చుక్కలు పెట్టుకుంది. మండలం ముగిసినా ఆపలేదు, వెంటనే రెండోది మొదలుపెట్టింది. ఫిబ్రవరిలో మారిసెల్ నేల మీద నుంచి లేచే పద్ధతి నేర్పింది. ముందు ఒక పక్కకి తిరగాలి, ఒక మోకాలు ఆనించాలి, రెండో పాదం ముందుకి పెట్టి గట్టిగా నొక్కి లేవాలి. మా హాల్లో కార్పెట్ మీద అక్క లేస్తుంటే, ఎప్పుడూ ఏ కసరత్తూ చేయని నేను పక్కనే సోఫాలో పడుకుని లెక్కపెట్టాను. నాకూ సిగ్గేసింది, కానీ లేవలేదు.

మార్చి రెండో వారంలో ఒక మధ్యాహ్నం గంట మోగింది. అక్క పిల్లలతో నేల మీద కూర్చుని బొమ్మ గిన్నెల్లో ఉత్తుత్తి పులుసు వండుతోంది. ఒళ్ళో ఉన్న బాబుని దింపి, పక్కకి తిరిగి, మోకాలు ఆనించి, పాదం నొక్కి లేచింది. ఏడుస్తున్న బాబుని మళ్ళీ ఎత్తుకుంది. మిగతావాళ్ళకి వరసగా నడిపించే తాడు పట్టించి తలుపు దాటింది. డైరెక్టరు చేతిలో గడియారంతో నిలబడి ఉందట, అక్క ఆవిడ వైపు చూడలేదట.

సాయంత్రం బూట్లు కూడా విప్పకుండా మా ఇంటికొచ్చి ఇదంతా చెప్పింది. నేను ఎగిరి గంతేసి, “లేచేశారక్కా, గదిలోనే ఉంటారు!” అన్నాను. నా కళ్ళు తడిశాయి, దాచుకోలేదు.

“నాకు సంబరం లేచినందుకు గాదు ధరణీ,” అంది ఆవిడ. “నవంబర్ నుంచీ నేల మీద కూచోవాలంటే, ముందు లేచేది ఎట్లా అని చూసుకుని కూచునేదాన్ని. ఈపొద్దు డ్రిల్ అయినాక లోపలికొచ్చి, ఏం చూసుకోకుండా చటుక్కున పిల్లోల్ల మధ్యలో కూచున్నా.”