ముప్పై రెండో పావు

ఆ శనివారం నేను ఒక మనిషిని అతని వియ్యంకుడి ముందు అబద్ధాలకోరును చేశాను. నోరు జారలేదు, తెలియక చేసిందీ కాదు. రెండు మాటలు పలికితే సరిపోయేది. ఆ రెండు మాటలూ నా నాలుక మీదే ఉన్నాయి. పలకలేదు.

జరిగింది అర్థం కావాలంటే ముందు నా పిచ్చి సంగతి చెప్పాలి. నేను తిరుపతిలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. చదరంగం ఆడటం నాకు అంతంత మాత్రమే వచ్చు. పాత చదరంగం పావులంటే మాత్రం ప్రాణం. అందులోనూ అన్ని రకాలూ కాదు. జర్మనీ పల్లెల్లో, మంచు పడి పొలం పనులు ఆగిపోయే రోజుల్లో, ఊరి పనివాళ్ళు చిన్న ఉలితో చెక్కుకున్న మనుషుల బొమ్మల పావులు. మొదటి సెట్టు చెన్నైలో పాత సామాన్ల అంగడిలో దొరికింది. ఎప్పుడో మిషన్లు బిగించడానికి వచ్చిన జర్మనీ వాళ్ళు వదిలేసిపోయారట. అంగడివాడు దాన్ని కొలువు బొమ్మలనుకుని, వాటి పక్కనే పెట్టి అమ్ముతున్నాడు. ఆ తర్వాతివన్నీ ఇంటర్నెట్టులో వెతికి తెప్పించుకున్నవి. మొత్తం ఏడు సెట్లు. మా ఆవిడ అంటుంది, "దేవుడి గూడు తుడిచేది నేను, బొమ్మల గూడు తుడిచేది మీరు. మీకు తీరిక లేనప్పుడు గూడా నన్ను తాకనియ్యరే" అని.

ఆ బొమ్మల్లో నాకు నచ్చేది గొప్పతనం లేకపోవడం. రాజు మన ఊరి ప్రెసిడెంటులాగా బొజ్జతో ఉంటాడు. మన మంత్రి ఉండాల్సిన చోట నడుముకు తాళంచెవుల గుత్తి కట్టుకున్న ఇల్లాలు ఉంటుంది. మన శకటు చోట భుజాన సంచి వేసుకుని ఉత్తరాలు మోసే మనిషి. ఏనుగు లేదు, కిటికీలున్న బురుజు ఉంటుంది. ఒక్కో పక్షంలో బంట్లు ఎనిమిది మందీ ఎనిమిది రకాలు, ఎదుటి పక్షంలో మరో ఎనిమిది రకాలు. కట్టెలు కొట్టేవాడు, బాతును చంకన పెట్టుకున్న ముసలమ్మ, డప్పు వాయించేవాడు. ఎవరు చెక్కారో ఎక్కడా రాసి ఉండదు. ఇంటికి ఎవరు వచ్చినా నేను ఆ మాటే చెప్పి బాధపడేవాణ్ణి. ఇంత పనితనం చూపినవాడి పేరు లోకానికి తెలియకుండా పోయింది చూశారా అని. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం బరువెక్కేది కూడా. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మంచి సెట్టుకు ఒక బంటు తక్కువ. ముప్పై ఒకటే వచ్చాయి. పెట్టెలో ఆ గుంత ఖాళీగా కనిపించినప్పుడల్లా నాకు పంటిలో నొప్పిలాగా ఉండేది. శ్రీకాళహస్తి వైపు ఒక ఊళ్ళో కొయ్య బొమ్మలు చెక్కే ఆయన ఉన్నాడని తెలిసి వెతుక్కుంటూ వెళ్ళాను. తిరుపతి అంగళ్ళకు వెంకటేశ్వర స్వామిని, గరుడుణ్ణి, ఆంజనేయుణ్ణి చెక్కి ఇచ్చే మనిషి. నా కంటే రెండు మూడేళ్ళు చిన్న. పెట్టె తెరిచి పావులన్నీ తన చాప మీద వరసగా నిలబెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇదేంది సార్, మంత్రి ఆడమనిషి?"

"వాళ్ళకు అంతే."

"మాకు గూడా అంతేలే. పైకి సెప్పుకోం" అన్నాడు. లోపలి నుంచి ఆయన భార్య నవ్వింది.

పోయిన బంటు ఎలా ఉండేదో నాకు తెలియదన్నాను. ఆయన ఆ పక్షంలో మిగిలిన ఏడుగురినీ మళ్ళీ చూసి, "ఊరన్నాక గొర్లు కాసేవాడు ఉండాల గదా సార్. ఈళ్ళల్లో వాడు లేడు. పొయ్యింది వాడే" అన్నాడు. నెల రోజుల తర్వాత మా ఇంటికే తెచ్చి ఇచ్చాడు. జర్మనీ టోపీ, జర్మనీ కోటు. భుజాల మీద గొర్రెపిల్ల, దాని నాలుగు కాళ్ళనూ ముందుకు తెచ్చి ఒకే పిడికిట్లో పట్టుకున్న కాపరి. మిగతా ఏడుగురి పక్కన పెడితే వాళ్ళకు తోడబుట్టినవాడిలా ఉన్నాడు.

పావును తిరగేసి చూపించాడు. పీఠం కింద మూడు సన్నని ఉలిగాట్లు, కాకి కాలులాగా.

"ఇది మా నాయన గుర్తు సార్. దేవుడి బొమ్మకు మేము గుర్తు పెట్టం. స్వామి కింద మన పేరేందీ? మనిషి బొమ్మకే పెడతాం. మనిషి బొమ్మ ఎవురు అడుగుతారు ఈ తిరుపతిలో? నేను గుర్తు పెట్టి ఎన్నేళ్ళైందో నాకే తెలీదు."

ఆ మాట విన్నాను. కానీ దాని బరువు నాకు ఎక్కలేదు. మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి, పావు మీద ఒకసారి చెయ్యి పెట్టి, ఆయన వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఏడాదికి మా ఊళ్ళో ఒక కాలేజీ హాలులో రెండు రోజుల ప్రదర్శన పెట్టారు. నాణేలు, స్టాంపులు, పాత తాళాలు, నా చదరంగాలు. ఇలాంటివి సేకరించేవాళ్ళలో పెద్దమనిషి అనదగ్గ ఒకాయన చెన్నై నుంచి వస్తున్నాడని తెలిసింది. మా వాట్సాప్ గ్రూపులో ఆయన "బాగుంది" అన్నదే బాగున్నట్టు. మా లోకంలో ఒక లెక్క ఉంది. ముప్పై రెండూ అసలువైతే ఆ సెట్టుకు ఒక మర్యాద. ఒక్కటి కొత్తగా చేయించినదైనా, ఎంత బాగా చేయించినా, దాన్ని అతుకుల సెట్టు అంటారు. శుక్రవారం మధ్యాహ్నం మా ఆవిడ పడుకున్నాక ఉప్పుకాగితం తీసుకుని ఆ మూడు గాట్లనూ రుద్దేశాను. కొయ్య తెల్లగా బయటపడింది. కాఫీ డికాక్షన్ పూసి ఆరబెట్టాను. మిగతా వాటి అడుగుల్లాగే తయారైంది. చీటీ మీద రాశాను: జర్మన్ జానపద చదరంగం, నూరేళ్ళ నాటిది, ముప్పై రెండు పావులూ అసలువే.

నా చేతిరాత బాగుంటుంది. అందరూ అంటారు.

చెక్కినాయన వస్తాడని నేను అనుకోలేదు. పిలవనే లేదు. కానీ ప్రదర్శన సంగతి ఎవరో ఫోనులో చూపించారట. శనివారం పదకొండు గంటలప్పుడు హాలు గుమ్మంలో కనిపించాడు. పక్కన ఇంకో మనిషి, గుండు మీద గంధం ఇంకా పచ్చిగానే ఉంది. కొండ దిగి అలిపిరి నుంచి నేరుగా ఇక్కడికే వచ్చారు.

"సార్, మా బావ. మా కోడలి నాయన. ఊరు సత్యవేడు. స్వామి దర్శనానికి వస్తే పిలుచుకోనొచ్చినా."

ఆ బావ చేతిలోని లడ్డూ కవరును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని నాకు దణ్ణం పెట్టాడు. "మెట్లు దిగతా దిగతా ఒకటే మాట సార్ మా బావది. జర్మనీ బొమ్మల నడాన నా బొమ్మ నిలబడుండాది, రా సూపిస్తా అని. నా మోకాళ్ళ నొప్పి గూడా సెప్పుకోనీలే. యాడ బావా నీ బొమ్మ?"

నా పక్కన చెన్నై పెద్దమనిషి ఉన్నాడు. కాపరిని అప్పుడే చేతిలోంచి కింద పెట్టి, "ఆ పిడికిలి చూడండి మాస్టారూ. గొర్రెపిల్లను అలా పట్టాలంటే జర్మనీ కొండల్లో పుట్టినవాడే చెక్కాలి" అన్నాడు. నేను అవునన్నట్టు తల ఊపి ఇంకా నిమిషం కాలేదు.

చెక్కినాయన కాపరిని తీసుకున్నాడు. "ఇదిగో బావా" అని, పైన చూపించకుండా ముందుగా తిరగేశాడు. బొటనవేలితో పీఠం అడుగు తడిమాడు. మళ్ళీ తడిమాడు. వెలుతురు కోసం కిటికీ వైపు తిప్పి చూశాడు.

"నున్నగా ఉండాదే" అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు.

బావ ఈలోగా నా చీటీని కూడబలుక్కుంటూ చదివాడు. "నూరేళ్ళ నాటిది... ముప్పై రెండు పావులూ అసలువే. ఓ బావా! అయితే నీకు నూరేండ్లు దాటిందన్న మాట. పెండ్లిమాటలప్పుడు యాభై అని సెప్పినావే, నేను నమ్మినానే!" చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు సెప్పు సార్. ఇది మా బావ చేసిందా, కాదా?"

చెన్నై ఆయన కూడా నా ముఖం వైపే చూస్తున్నాడు.

"ఈయన మంచి పనివాడండీ. నాకు వేరే పనులు చేసి పెట్టాడు" అన్నాను.

చెక్కినాయన నా వైపు చూశాడు. కోపం కనబడలేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు చూశాడు, అంతే. తర్వాత కాపరిని దాని గడిలో, ముఖం ముందుకు వచ్చేలా, నెమ్మదిగా నిలబెట్టాడు.

"నేనే పొరపాటు పడినట్టుండా బావా. నేను చేసింది వేరే పెట్టెలో ఉండాదేమో. సార్ దగ్గర శానా ఉండాయి" అన్నాడు.

"శానా ఉండాయిలే, పద పద. జర్మనీ బావా!" అంటూ ఆ గుండాయన తన బావ భుజం తట్టి నడిపించుకుపోయాడు. గుమ్మం దాటేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

నన్ను కాపాడటానికి ఆయన తన మాటనే చంపుకున్నాడు. అది నాకు ఆ క్షణంలోనే తెలుసు. తెలిసి కూడా నేను చేసిన పని, చెన్నై ఆయనకు తర్వాతి బల్ల చూపించడం.

మధ్యాహ్నం భోజనం తెచ్చిన మా ఆవిడకు దారిలో బస్టాండు దగ్గర వాళ్ళిద్దరూ ఎదురుపడ్డారట. క్యారియర్ విప్పుతూ అడిగింది. "ఆయప్ప మొగం అట్లుండాదేంది? బొమ్మ సూపించినారా ఆళ్ళ బావకు?" నేను జరిగింది చెప్పాను. ఆమె సాంబారు గిన్నె కింద పెట్టి, "మన ఇంట్లో కూసోని కాఫీ తాగిన మనిషి" అంది.  నాకు వడ్డించింది, తను తినలేదు.

గుర్తు చెరిపింది నా అత్యాశ. దాన్ని ఎలాగో అర్థం చేసుకోగలను. కానీ పేర్లు పోయిన పనివాళ్ళ కోసం ఇన్నేళ్ళు గొంతు బరువెక్కించుకున్న నేనే, బతికి ఉన్న పనివాడి గుర్తును ఉప్పుకాగితంతో రుద్దేశాను. జర్మనీలో ఆ పేర్లు ఎలా పోయాయో నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది. కాలం తినేసిందనుకున్నాను. నాలాంటి పెద్దమనిషి ఎవడో అడుగు నున్నగా చేసి ఉంటాడు.

ఆదివారం ఉదయం హాలు తెరవగానే చీటీ మార్చాను. ముప్పై ఒక్క పావులు జర్మనీవి, కాపరి మాత్రం శ్రీకాళహస్తి వైపు ఊరి పనివాడు చెక్కినది అని రాసి ఆయన పేరు, ఊరు పెట్టాను. చెన్నై ఆయనకు ఫోన్ చేసి గుర్తు చెరిపిన సంగతితో సహా చెప్పాను. ఆయన "మీరు చెప్పకుండా ఉండాల్సింది మాస్టారూ" అన్నాడు. గ్రూపులో కూడా రాశాను.  ఇవన్నీ తేలికైన పనులే అని నాకు తెలుసు.

సోమవారం కాపరిని జేబులో పెట్టుకుని ఆయన ఊరికి వెళ్ళాను. ఆంజనేయుడి తోక చెక్కుతున్నాడు. ఉలి ఆపలేదు. నేను నిలబడే చెప్పాను. క్షమించమన్నాను. మళ్ళీ గుర్తు పెట్టమని కాపరిని చాప మీద ఉంచాను.

"గుర్తు ఒక్క తూరే సార్ పెట్టేది" అన్నాడు. పావును ముట్టుకోలేదు. కొంచెంసేపు కొయ్యపొట్టు ఊదుకున్నాడు. "నాకు సెప్పి ఏం జేస్తారు సార్? నేను చేసింది నాకు తెలీదా? తెలీనాయన సత్యవేడులో ఉండాడు. మా కోడలు నిన్న పుట్టింటికి ఫోన్ చేసింది. ఆళ్ళ నాయన జర్మనీ మామ యాడమ్మా అని అడిగినాడంట. ఆ పిల్ల నా మొగం సూసి ఏడ్సింది."

ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగి, ఆ వియ్యంకుడి ఇల్లు ఏ వీధిలోనో అడిగి తెలుసుకుని, అక్కడి నుంచే సత్యవేడు బస్సులు వెతుక్కున్నాను. రెండు బస్సులు మారాలి.

నేను చేరేటప్పటికి ఎండ తిరిగింది. గుండాయన వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి లేచాడు. "ఏంది సార్, ఇంత దూరం?"

"శనివారం నేను మీతో అబద్ధం చెప్పాను. ఆ బొమ్మ మీ బావ చేసిందే. అడుగున ఆయన గుర్తు ఉండేది. నేనే చెరిపాను. మీరు అడిగినప్పుడు పెద్దమనిషి ముందు పరువు పోతుందని దాచాను."

ఆయన చేతిలో కాయలు పక్కన పెట్టాడు. నవ్వలేదు. "మరి మా బావ నాదే పొరపాటు అన్నాడే?"

"నా కోసం అన్నాడు."

మంచం మీది పొట్టు కిందికి దులిపాడు. "నేను వచ్చి ఈ వీధంతా సెప్పి నగించినాను సార్" అన్నాడు. తర్వాత లోపలికి తిరిగి గట్టిగా పిలిచాడు. "ఏమే, ఇట్లరా! అన్నను గూడా పిలుసుకోనిరా. పక్కింటోళ్ళను గూడా." మళ్ళీ నాతో, "ఈళ్ళందరికీ నేను తప్పు సెప్పినా. నీ నోటితోనే సెప్పల్ల సార్."

ఆయన భార్యకు చెప్పాను. ఆయన అన్నకు చెవి సరిగా వినబడదు, గొంతు పెంచి మళ్ళీ చెప్పాను. పక్కింటివాళ్ళు వచ్చాక వాళ్ళకూ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ ఉప్పుకాగితం దగ్గర నా మాట తడబడింది. తడబడినప్పుడల్లా గుండాయన పక్క నుంచి "దాన్ని ఇడిసిపెట్టొద్దు సార్, అది సెప్పు" అన్నాడు. చివర్లో వీధి చివర టీ అంగడి ఆయన సైకిలు దిగి, ఏమైందప్పా అని అడిగాడు. ఆయనకు కూర్చోవడానికి మంచం మీద చోటిచ్చి, మొదటి నుంచి మొదలుపెట్టాను.