దగ్గు లేని యాత్ర

మా పెద్దమ్మ సూది వేసే ముందు ఒక ప్రశ్న అడుగుతుంది. ప్రశ్న మామూలుగానే ఉంటుంది కానీ జవాబు వెంటనే తట్టదు. "మీ ఇంటికి మెట్లెన్ని?" అంటుంది. మీరు మనసులో మొదటి మెట్టు ఎక్కి, రెండోది ఎక్కి, మలుపు దగ్గర లెక్క తప్పి మళ్ళీ కిందికి దిగేలోపు భుజం మీద దూది ఉంటుంది. "అయిపోయింది, లేవండి," అంటుంది. వార్డు ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆవిడ పని ఇదే. పేటలో సగం మందిని మొహం చూసి కాదు, భుజం చూసి గుర్తుపడుతుంది. అందరూ సూదమ్మ అంటారు. ఆ పేరంటే ఆవిడకు మహా గర్వం.

కథ ఆవిడదే కానీ మొదలైంది మా అమ్మ వల్ల. అమ్మ పెద్దమ్మకు సొంత చెల్లెలు. మూడేళ్ళ కిందట పేటవాళ్ళతో కలిసి బస్సులో యాత్రకు వెళ్ళి దగ్గుతో తిరిగొచ్చింది. ఆ దగ్గు ఊపిరితిత్తుల్లోకి దిగి, పదకొండు రోజులు ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో ఆసుపత్రి మంచం మీద పడుకుంది. ఆ పదకొండు రోజులూ నాన్న పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. ఇంటికొచ్చాక "ఇక యాత్రలు చాలు," అన్నారు. నాన్న ఒక మాట అన్నారంటే దానికి లోపలి నుంచి గొళ్ళెం పడ్డట్టే.

అప్పట్నుంచి ఏటా బస్సు కదిలే రోజున అమ్మ తన ప్రయాణపు సంచీ అటక మీంచి దించేది. దుమ్ము దులిపి మళ్ళీ పైన పెట్టేసేది. ఏడ్చేది కాదు. ఏడిస్తే బాగుండేది, నాన్నతో పోట్లాడటానికి నాకొక సాకు దొరికేది.

మా పేటవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. వీళ్ళకు దగ్గంటే భక్తి. చలికి బస్సు కిటికీలన్నీ బిగించి, ఒకే గ్లాసులో నలభై మంది నీళ్ళు తాగి, సత్రంలో చాప పక్క చాప వేసుకు పడుకుని, ఆరు రోజుల తర్వాత అందరూ ఖళ్ళు ఖళ్ళుమంటూ దిగేవారు. దగ్గు లేకుండా దిగినవాణ్ణి సగం దారిలోంచి వెనక్కి వచ్చేశాడేమోనని అనుమానంగా చూసేవారు. అందరిలోకీ పేరున్న దగ్గు యాత్రను నడిపించే పెద్దాయనది. ఆయన గడియారాలు రిపేరు చేస్తారు, మేం గడియారం తాత అంటాం. పంతొమ్మిది యాత్రలు చేశారు. ఆయన దగ్గితే పక్కవాళ్ళు మాట ఆపి గౌరవంగా నిలబడేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఈ ఏడు ఒక సాయంత్రం పెద్దమ్మ మా ఇంటికొచ్చి, చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది.

"మరిదిగారూ, ఈసారి చెల్లిని పంపండి. డాక్టరుగారిని అడిగాను. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా రెండూ వేయించి, జాగ్రత్తగా తీసుకెళ్తే వెళ్ళొచ్చన్నారు."

"తనొక్కదానికి వేస్తే చాలా వదినా? చుట్టూ ముప్పై తొమ్మిది మంది దగ్గుతూ కూర్చుంటారు కదా?"

"వాళ్ళకీ వేస్తాను."

నాన్న నవ్వారు. "బస్సులో నలభై మందికీ వేయండి, గడియారంగారితో సహా. అప్పుడు నేనే దగ్గరుండి బస్సెక్కిస్తా."

కొండమీది కోతిని తెచ్చి పెరట్లో కట్టేయమన్నట్టే అది. ఆ ధీమాతోనే ఆయన మాటిచ్చారు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అమ్మ వింటోంది.

బస్సు బయల్దేరడానికి ఇరవై రెండు రోజులుంది. టీకా ఒంట్లో పని మొదలుపెట్టడానికి రెండు వారాలు పడుతుంది. అంటే పెద్దమ్మ చేతిలో ఉన్నవి ఎనిమిది రోజులు. మర్నాడే నా జిరాక్స్ కొట్టుకు వచ్చి చేత్తో రాసిన కాగితం ఇచ్చింది. నలభై కాపీలు తీస్తూ చదివాను. ఎవరి గ్లాసు వాళ్ళదే, మొగుడూ పెళ్ళాలకు కూడా మినహాయింపు లేదు. గుంపులో మాస్కు ముక్కు మీదికి లాగండి, గడ్డానికి జలుబు చేయదు. దగ్గొస్తే మోచేతి మడతలోకి, పక్కవాడి మెడ మీదికి కాదు. బస్సు కిటికీలు కొంచెమైనా తెరవండి. చేతులు సబ్బుతో ఇరవై సెకన్లు కడగండి. రోజూ వేసుకునే మందులు చేతిసంచీలో పెట్టుకోండి. జ్వరమొస్తే దాచకండి, దేవుడికెలాగూ తెలుస్తుంది, నాకూ చెప్పండి.

ఇక చూడాలి ఆ వారం! డ్యూటీ అయ్యాక పెద్దమ్మ తోడుకొక డాక్టరమ్మను కూర్చోబెట్టుకుని ఆసుపత్రి వరండాలో మకాం వేసింది. బేకరీ అత్తను "పొద్దున మొదటి బన్ను ఎవరు కొన్నారు?" అని అడిగింది. చాకిరేవు మామను "మీ ఆవిడ పెళ్ళినాడు ఏ రంగు చీర కట్టుకుంది?" అని అడిగింది. ఆయన నాలుగు రంగులు చెప్పాడు, ఒక్కటీ సరైంది కాదు. సూది నొప్పి కన్నా ఇంటికెళ్ళాక తగిలిన నొప్పే ఎక్కువని మర్నాడు వచ్చి చెప్పాడు.

"ఇది వేసుకుంటే దగ్గే రాదా సూదమ్మా?" అని బేకరీ అత్త నిలదీసింది.

"రాదని రాసివ్వను. వచ్చినా ఆసుపత్రి మంచం దాకా పోకుండా కాపు కాస్తుంది."

"మరి పుణ్యమో?"

"పుణ్యం ఊపిరితిత్తుల్లో ఉండదే తల్లీ!"

ఏడో రోజుకు డ్రైవరుతో కలిపి ముప్పై తొమ్మిది మంది అయ్యారు. మిగిలింది గడియారం తాత. ఆయన కొట్టు తలుపుకు వారం నుంచీ "ఇప్పుడే వస్తాను" అన్న అట్ట వేలాడుతోంది. ఎనిమిదో రోజు టీకా డబ్బా భుజాన వేసుకుని పెద్దమ్మ బయల్దేరింది. డాక్టరమ్మ, నేను వెనకాల నడిచాం. తలుపు తోస్తే తెరుచుకుంది. లోపల గోడనిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తోంది. కౌంటరు కింద రెండు చెప్పులు కనిపిస్తున్నాయి. చెప్పుల్లో కాళ్ళు కూడా ఉన్నాయి.

"ఆయన లేరు," అంది కౌంటరు కింది నుంచి ఒక గొంతు.

"ఎక్కడికెళ్ళారు?"

"ఊరెళ్ళారు."

"ఎప్పుడొస్తారు?"

"మీరు వెళ్ళాక."

నాకు నవ్వు ఆగలేదు. ఇక చేసేది లేక తాత పైకి లేచారు. నుదుటి మీద చెమట. "అమ్మాయీ, నాకు సూదంటే చచ్చేంత భయం. నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. నువ్వు ప్రశ్న మాత్రం అడగకు, నీ ప్రశ్నల సంగతి ఊరందరికీ తెలిసిపోయింది," అన్నారు. ఈ మాట ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర ఒట్టు వేయించుకున్నారు. నేను చెప్పలేదు, రాశానంతే.

పెద్దమ్మ ఆ రోజు ప్రశ్న అడగలేదు. గోడవంక చూసింది. "బాబాయిగారూ, సూది వేయడానికి ఎంతసేపు పడుతుందో నాకే తెలీదు. కచ్చితంగా కొలిచేవాళ్ళు ఇన్నేళ్ళలో దొరకలేదు. మీరు కొలిచి పెడతారా?"

వృత్తి మీద అభిమానం చెడ్డది. తాత సొరుగులోంచి స్టాప్‌వాచీ తీశారు. కంటికి భూతద్దం కూడా తగిలించారు. "నేను చెప్పాక మొదలుపెట్టు," అన్నారు. "ఊఁ!" అని మీట నొక్కి, ముల్లు మీంచి చూపు తిప్పకుండా నిలబడ్డారు.

"అయిపోయింది," అంది పెద్దమ్మ.

తాత వాచీని చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. "నాలుగు సెకన్లా? దీనికోసమా నేను నలభై ఏళ్ళు దాక్కుంది?" అని నెత్తి కొట్టుకున్నారు.

నలభై పూర్తయ్యాయి. నాన్న మాట తప్పలేదు. బస్సు దగ్గరకు వచ్చి అమ్మను కిటికీ పక్క సీటులో కూర్చోబెట్టి, కిటికీ తెరుచుకుంటోందో లేదో రెండుసార్లు లాగి చూసి దిగారు. అమ్మ చెయ్యి ఊపింది. ఆయన ఊపలేదు.

కూడా వెళ్ళిన పెద్దమ్మ రోజూ నాకు ఫోను చేసేది. కొత్తగా మతం పుచ్చుకున్నవాడికి నిష్ఠ ఎక్కువన్నట్టు, తాత ప్రతి కుళాయి దగ్గరా స్టాప్‌వాచీతో నిలబడుతున్నారట. "పద్నాలుగు సెకన్లే! వెనక్కి పో!" అని ముసలీ ముతకా చూడకుండా తరుముతున్నారట. మూడో రోజు బేకరీ అత్తకు జ్వరం తగిలింది. దాచకుండా చెప్పింది. వేరే గదిలో పడుకోబెట్టి డాక్టరుకు చూపిస్తే రెండు రోజుల్లో లేచింది. ఆవిడ తరఫున మొక్కుకోవడానికి మిగతావాళ్ళు పోటీ పడ్డారు. ఈ కబుర్లన్నీ నేను నాన్నకు చెప్పేదాన్ని. ఆయన "ఊఁ" అనేవారు. అన్నం మాత్రం సగంలో వదిలేసేవారు.

ఏడో రోజు మధ్యాహ్నం బస్సొచ్చింది. పేటంతా రోడ్డు మీదే ఉంది. ఒక్కొక్కరూ దిగుతున్నారు. ఎక్కడా దగ్గు లేదు.

"అసలు వెళ్ళారా మీరు?" అంది చాకిరేవు మామ అత్తగారు.

"వెళ్ళాం! ఫొటోలున్నాయి!" అని తాత మండిపడ్డారు. పరువు కోసం ఒకసారి దగ్గబోయారు కూడా. రాలేదు. ఆయన మొహం చూసి బస్సు బస్సంతా పగలబడి నవ్వింది.

నాన్న జనానికి దూరంగా నిలబడి ఉన్నారు. చేతిలో పెద్ద సంచీ. అందులో అమ్మ ఆసుపత్రి ఫైలు, దుప్పటి, ఫ్లాస్కు ఉన్నాయని నాకు తెలుసు. బస్సు వెళ్ళిన రోజే సర్దిపెట్టారు. అమ్మ దిగి, ఆయన దగ్గరకు నడిచి, సంచీలోకి తొంగిచూసింది. "మంచిపని చేశారు, నా బట్టలకు చోటు చాలట్లేదు," అని తన మూట ఆ ఫైలు మీద కుక్కేసింది. "ఆకలేస్తోందా?" అని మాత్రం అన్నారు నాన్న. ఇంటిదాకా సంచీ ఆయనే మోశారు.

మర్నాడు పెద్దమ్మ నాన్నను ఆసుపత్రికి పిలిపించింది. ఇంటిల్లిపాదిలో టీకా వేయించుకోనిది ఆయనొక్కరే.

"నేనెక్కడికీ పోలేదుగా వదినా?"

"వచ్చే ఏడు పక్క సీటు మీదేనని చెల్లి బస్సులోనే చెప్పేసింది. ఎలాగూ అప్పుడు మళ్ళీ వేయించుకోవాలి, ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి. చొక్కా చెయ్యి మడవండి."

నాన్న మడిచారు. తలుపు దగ్గర అమ్మ, నేను నిలబడ్డాం. పెద్దమ్మ సూది అందుకుని, తడుముకునేలా ఉండాలని బాగా ఆలోచించి అడిగింది. "నిన్న చెల్లి బస్సు దిగేటప్పుడు ముందు ఏ కాలు కింద పెట్టింది?"

"ఎడమ కాలు. చెప్పు జారితే ఆగి సరిచేసుకుంది," అన్నారు నాన్న, రెప్పపాటులో.

సూది ఇంకా గాలిలోనే ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళలో అలా జరగడం అదే మొదలు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో, ఏడుపుకో నాకు తెలియలేదు. పని అయిపోయిందనుకుని నాన్న చొక్కా చెయ్యి దించుకోబోయారు.

"ఉండండి మరిదిగారూ," అంది పెద్దమ్మ. "ఇంకో ప్రశ్న వెతుక్కోవాలి."