బర్రెలు వట్టిపోయాయని చెప్పిన రోజు

నా చిన్నప్పుడు గొల్లపల్లి దగ్గర మా ఊళ్లో చల్ల అమ్మడం తప్పు. పాలు అమ్ముకోవచ్చు, నెయ్యి అమ్ముకోవచ్చు, చల్ల మాత్రం ముంత పట్టుకొని వచ్చినవాళ్లకు ఊరికే పోయాలి. మా వాడలో పాడి ఉన్న ఇల్లు మాదొక్కటే, రెండు బర్రెలుండేవి. పొద్దున్నే మా అమ్మ చల్ల చిలికేసరికి వాకిట్లో నలుగురైదుగురు నిలబడేవారు.

పక్కింటి అక్క రోజూ వచ్చేది. ఆమె భర్త సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసేవాడు, ఆమె ఇంట్లో బీడీలు చుట్టేది. చల్లకొచ్చి ముంత దాచే మనిషి కాదు. పిలగానికి జర ఎక్కువ పొయ్యి పెద్దమ్మా అని మా అమ్మను నేరుగా అడిగేది. ఆమె రెండేళ్ల కొడుకుకు జొన్న గటకలో చల్ల కలిపితేనే ముద్ద దిగేది. పాలు కొనగలిగే ఇల్లు కాదు. వాడి ఒంటికి బలమిచ్చేది ఆ చల్ల ఒక్కటే.

నక్సలైట్ అన్నలు ఊళ్లకు వచ్చిపోతుండే రోజులవి. ఒకనాడు పోలీసులు మా వాకిట్లో ఆగి, ఇంత చల్ల ఎవరికి పోస్తున్నారని మా నాయినను అడిగారు. అడవిలోవాళ్లకు పోతోందేమోనని వాళ్ల అనుమానం. అడిగారంతే, కొట్టలేదు. ఆ మాటకే ఆయన రేపటి నుంచి చుక్క గడప దాటొద్దన్నాడు. పిల్ల చెబితే నమ్ముతారని, ఎవరొచ్చినా బర్రెలు వట్టిపోయాయని చెప్పమని నన్ను వాకిట్లో నిలబెట్టాడు.

మరునాడు అక్క కొడుకును చంకనేసుకొని వచ్చింది. నేను చెప్పాను. లోపల కవ్వం చప్పుడు వినబడుతూనే ఉంది. ఆమె అదీ విన్నది, నా మూతికి అంటిన వెన్నా చూసింది. కొంగుతో నా మూతి తుడిచింది.

"గిట్ల నిలవడకు బిడ్డ, ఇంకెవలన్న జూస్తరు. మీ నాయినను నేనేమనుకోలే."

ఖాళీ ముంతతో వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆమె నన్ను తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. మిగిలిన చల్లను మేం కుడితి తొట్లో పోశాం. బర్రెలు తాగాయి.

ఎండాకాలం దాటేలోగా పిల్లవాడి కాళ్లు పుల్లలయ్యాయి, పొట్ట ముందుకొచ్చింది. చక్కగా నడిచేవాడు కాస్తా కూలబడ్డాడు. రోగమేం లేదు, పాలో పెరుగో పెట్టమని జగిత్యాల డాక్టరు చెప్పాడట. ఆ సంగతి చెవిన పడిన రోజు మా అమ్మ నాయిన మాట లెక్కచేయక, నిండు చెంబు నా చేతికిచ్చి పంపింది. వెళ్లేసరికి తాళం వేసి ఉంది. పిల్లవాణ్ని తీసుకొని ఆ పొద్దున్నే సిరిసిల్ల వెళ్లిపోయిందన్నారు.

మా నాయినను పిరికివాడని చాలా ఏళ్లు తిట్టుకున్నాను. పెద్దయ్యాక సిరిసిల్లకు ఎన్నోసార్లు వెళ్లాను. అక్క ఇల్లు కనుక్కోవడం పెద్ద పనేం కాదు, అడిగితే ఎవరైనా చూపిస్తారు. వాడు లేడని చెబుతారేమోనని ఇంతవరకూ అడగలేదు.