చెరుకు కొసల మోపు

మా తాతను గోడ మీద దొంగను చేశారు. బొమ్మ గీసినవాడికి ఆ పాపం అంటదు. దాని కింద పలక రాసినవాడి పని ఇది.

కోటగిరి అవతల, ఒకప్పుడు దొర కాపురమున్న పాత గడి ఒకటి ఉంది. కచేరీ పెట్టి దొర తీర్పులు చెప్పిన హాల్లో గోడ నిండా బొమ్మలే. ఒక మూలన ఒకడు నడుం వంచి నిలబడి ఉంటాడు. వీపు మీద బండ, కాళ్ల దగ్గర మోపు. ఎదురుగా కుర్చీలో దొర, వేలు చూపుతూ. గడి చూడడానికి జనాన్ని రానివ్వడం మొదలయ్యాక కింద ఇత్తడి పలక వెలిసింది: ‘చెరుకు దొంగకు శిక్ష’.

ఆ వంగినవాడు మా తాతేనని, ఎడమ చెవి ఒంటిపోగే ఆనవాలని మా నాయనమ్మ చెప్పేది.

నేను బడికి పోలేదు. ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్ల చీటీలు కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చుకున్నాను. చెరుకు సంగతి మాత్రం ఎవరూ నేర్పక్కరలేదు. చెరుకు గడ ఆసామిది, కొసలు కొట్టినవాడివి. కోత కూలీ ఆ పచ్చి ఆకును మోపు కట్టి తన పశువులకు తీసుకుపోతాడు, ఎవరినీ అడగడు. బొమ్మలోని మోపులో ఒక్క గడ లేదు, అంతా ఆకే. దొర తిండి తింటూనే ఆ చిత్రకారుడు నిజం గీసి పోయాడు. పలక రాసినవాడికి అది కనిపించలేదా, కనిపించే రాశాడా? గడిని సర్కారుకు అప్పగించినప్పుడు దొర మనవలు ఏవో కాగితాలు కూడా ఇచ్చారట. ‘దొంగ’ అన్న మాట వాటిలోదే అయి ఉంటుంది.

వెలిసిన బొమ్మలకు రంగులు దిద్దేవాళ్లు వస్తున్నారని విన్నాక ఇంకో అనుమానం పట్టుకుంది. ఆకుల నడుమ నాలుగు గడలు గీసేస్తే అడిగేదెవరు? నిజామాబాద్ నుంచి వారం వారం బస్సెక్కి, భూతద్దం పెట్టి మోపు చూసి వచ్చేవాణ్ని.

“ఏం బాపు, మల్లొచ్చినవా? గోడను నాకుతవా ఏంది?” అన్నాడు కాపలాదారు, బోధన్ సాయిబు.

“కావలి కాస్తున్నవు గద, గా మోపుల ఏమున్నదో సూసి చెప్పు.”

వంగి చూశాడు. “ఆకు. మా బర్రెకు గిదే ఏస్త.”

“గడ ఉన్నదా?”

“యాడిది? అరె, మరి ఏం దొంగతనం జేసిండు?”

“గదే నేనడుగుతున్న.”

“నన్నడిగితే ఏమొస్తది? కాయితం రాయి. ఆఫీసోళ్లు నోటిమాట ఇంటరా?”

రాశాను. కొసల హక్కు వివరించి, మోపు ఫోటో అంటించి, పలకను ‘చేయని దొంగతనానికి శిక్ష’ అని మార్చమని మూడుసార్లు అర్జీ ఇచ్చాను. అందలేదంటారని, ముద్ర వేయించుకోందే కదల్లేదు. ఇంతలో రంగులు దిద్దారు. మోపులో గడ ఏదీ మొలవలేదు. అనవసరంగా అనుమానించానా అనుకుంటుండగా జవాబు వచ్చింది:

“తమ అర్జీ పరిశీలించడమైనది. మోపులోనివి చెరుకు కొసలేనని నిర్ధారణ అయినది. కావున ‘దొంగ’, ‘శిక్ష’ అను రెండు మాటలను తొలగించి, పలకను ‘దొర సముఖమున చెరుకు కూలీ’ అని మార్చడమైనది. వీపు మీది బండ గురించి మా వద్ద ఎట్టి ఆధారములు లేవు.”