లాప్‌టాప్ తీస్తే ఆగిపోయే మోటారు

కాలేజీలో ప్రతి పరీక్షలోనూ ఫస్టొచ్చిన ఇంజనీరమ్మకి, అరచేతిలో పట్టే రెండు సర్క్యూట్ బోర్డులు చుక్కలు చూపించాయి. ఒకటి ట్యాంకులో నీటిమట్టం కొలిచేది, ఇంకొకటి మోటారు నడిపేది. రెంటికీ లాప్‌టాప్ కేబుళ్లు ఉన్నంతసేపూ బుద్ధిగా మాట్లాడుకునేవి. పీకేస్తే చాలు, దేని బ్యాటరీ దానికున్నా మూగనోము పట్టేవి.

నాలుగు రోజులు ప్రోగ్రామును తిరగరాసింది, బోర్డులను తిట్టిపోసింది. పక్క టేబుల్ దగ్గర ముప్పయ్యేళ్లుగా సోల్డరింగ్ చేస్తున్న టెక్నీషియన్ అందరికీ బాబాయే. ఐదోరోజు ఆయన ఆమె చేతిలో మల్టీమీటర్ పెట్టాడు.

"రాసింది చాల్లే తల్లీ, తీగలు చూడు."

మూతి ముడుచుకునే ఒక్కో తీగా చూసింది. రెండు బోర్డుల గ్రౌండ్ల మధ్య, అంటే కరెంటు తిరిగెళ్లే కొసల మధ్య, మీటరు బీప్‌మనలేదు. వాటిని కలపాల్సిన తీగను తను వెయ్యనే లేదు! ఇన్నాళ్లూ ఆ పని లాప్‌టాప్ కేబుళ్లే చేసిపెట్టాయి. జానెడు తీగ అతికించి కేబుళ్లు పీకేసింది. మోటారు గిర్రున తిరిగింది.

"నీకు ముందే తెలుసు కదూ బాబాయ్?"

"మొదటిరోజే."

"మరి చెప్పవేం?" ఆమెకు ఒళ్లు మండిపోయింది.

బాబాయ్ తన బీరువా తలుపు తెరిచాడు. లోపలివైపు పెన్సిల్ రాతలు: 'గ్రౌండ్ తీగ మరిచి, ఎవరు ఎన్నాళ్లకు కనిపెట్టారు: నేను, పదకొండు రోజులు. మేనేజరు, తొమ్మిది.' వాటి కింద 'అమ్మాయి, ఐదు' అని రాశాడు.

ఆమె కోపం ఎటుపోయిందో! పరీక్ష రాయకుండా ఫస్టు రావడం ఆమెకు అదే మొదటిసారి.